జోన్స్ రిడక్టర్‌తో మాలిబ్డినం కొలవడం ఎలా: అమ్మోనియం మాలిబ్డేట్ ప్యాకెట్ పరీక్ష

ముంగారు వానలకు ముందు, శెనక్కాయ విత్తనం సిద్ధం చేసుకునే రోజుల్లో అనంతపురంలో నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "సార్, ఈ అమ్మోనియం మాలిబ్డేట్ ప్యాకెట్ అసలుదేనా? ఇందులో మాలిబ్డినం ఎంతుందో మన ల్యాబులో చూడొచ్చా?" రైతుల పిల్లలు అడుగుతారు, ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసేవాళ్లు అడుగుతారు, కర్నూలు, కడప వైపు డిగ్రీ కాలేజీల్లో పాఠాలు చెప్పే తోటివాళ్లు కూడా ఫోన్ చేసి అడుగుతారు. చూడొచ్చు. ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ఒక గాజు గొట్టం, అమాల్గం చేసిన (అంటే పాదరసం పూత పట్టించిన) జింకు, ఒక బ్యూరెట్ ఉంటే చాలు. ఆ జింకు నింపిన గొట్టమే జోన్స్ రిడక్టర్, దాన్నే కాలమ్ అని కూడా అంటాం. కానీ ఓపిక కావాలి, పాదరసం దగ్గర భయభక్తులు కావాలి. ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అవే తప్పులు జరుగుతున్నాయి కాబట్టి ఈసారి మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను.

శెనక్కాయకు మాలిబ్డినం ఎందుకంటే, వేళ్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టేది నైట్రోజినేజ్ అనే ఎంజైముతో. ఆ ఎంజైములో మాలిబ్డినం ఒక భాగం. కావాల్సింది చాలా కొంచెం. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985 ప్రకారం ఎరువుగా అమ్మే అమ్మోనియం మాలిబ్డేట్‌లో బరువులో కనీసం 52 శాతం మాలిబ్డినం ఉండాలి. పూర్తిగా శుద్ధమైన నాలుగు నీటి అణువుల లవణమైతే లెక్క ప్రకారం 54.35 శాతం వస్తుంది. మన పని ఈ రెండు అంకెల మధ్య తేడాను నమ్మకంగా పట్టుకోవడం. అంటే అర మిల్లీలీటరు తప్పు కూడా మనకు పెద్ద తప్పే.

ఇది ఎలా పనిచేస్తుందంటే

ఆమ్లంలో ఉన్న మాలిబ్డేట్‌ను జింకు మీదుగా పంపితే మాలిబ్డినం +6 స్థితి నుంచి +3కి దిగుతుంది. ఉత్త జింకైతే ఆమ్లంలో బుసబుసా హైడ్రోజన్ వదులుతూ తనే కరిగిపోతుంది. దాని మీద పల్చగా పాదరసం పూత పడితే హైడ్రోజన్ రావడం చాలా తగ్గిపోతుంది, జింకు క్షయకరణ బలం మాత్రం అలాగే ఉంటుంది. కిందికి దిగిన +3 మాలిబ్డినం గాలి తగిలితే చాలు మళ్లీ ఆక్సీకరణం చెందుతుంది. అందుకని దాన్ని నేరుగా ఫెర్రిక్ ఆలం అనే ఇనుప లవణం ద్రావణంలోకి దింపుతాం. అక్కడ ఒక్కో మాలిబ్డినానికి మూడు ఫెర్రిక్ (+3 ఇనుము) అయాన్లు ఫెర్రస్ (+2 ఇనుము) అవుతాయి. ఆ ఫెర్రస్‌ను పర్మాంగనేట్‌తో టైట్రేషన్ చేస్తాం, అంటే బ్యూరెట్‌లోంచి కొంచెం కొంచెంగా పోస్తూ ఎంత పట్టిందో కొలుస్తాం. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

మొదలుపెట్టే ముందు ఒక మాట

ఇది ఇంట్లో, కొట్టంలో, ఎరువుల అంగడి వెనక గదిలో చేసే పని కాదు. జింకుకు పాదరసం పూత పట్టించే మెర్క్యూరిక్ క్లోరైడ్ నీళ్లలో కరిగే ఘోరమైన విషం, చిటికెడు లోపలికి పోయినా ప్రాణం మీదికి వస్తుంది. ల్యాబులోనే, చేతులకు తొడుగులతో, కళ్లద్దాలతో, గాలి లాగే హుడ్ కింద, అనుభవం ఉన్నవాళ్లు పక్కన ఉండగా చేయండి. బంగారు ఉంగరాలు, గాజులు తీసి పెట్టండి. పాదరసం తగిలితే బంగారం తెల్లబడిపోతుంది. మా ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, ఆ వేడికి పాదరసం ఆవిరి కూడా ఎక్కువవుతుంది. అందుకే కాలమ్ తయారుచేసే పని నేను పొద్దున్నే పెట్టుకుంటాను.

పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా ఒప్పందాన్ని 2018లో మన దేశం ఆమోదించింది. మీ కాలేజీలో పాదరసం లవణాలు కొనడం మానేసి ఉంటే, చివర్లో పాదరసం లేని దారులు రాశాను, అవి చూడండి.

కావాల్సినవి

- జింకు గుళికలు, 20–30 మెష్, 300 గ్రాములు. ఇనుము లేని రకం కావాలి. సీసా మీద ఇనుము శాతం ఎంత రాశారో చూసి తీసుకోండి.
- మెర్క్యూరిక్ క్లోరైడ్ 2 శాతం ద్రావణం, 300 మి.లీ.
- కింద స్టాప్‌కాక్ ఉన్న గాజు గొట్టం, లోపలి వ్యాసం 2 సెం.మీ., పొడవు 40–50 సెం.మీ. పైన చిన్న గరాటులాగా విప్పారి ఉంటే మంచిది.
- రంధ్రాల పింగాణీ బిళ్ల, గాజు ఉన్ని.
- గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. దాన్నుంచి 5 శాతం, 2.5 శాతం ద్రావణాలు చేసి పెట్టుకోవాలి. ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి, నీళ్లను ఆమ్లంలో ఎప్పుడూ పోయకూడదు.
- ఫెర్రిక్ అమ్మోనియం సల్ఫేట్ 10 శాతం ద్రావణం, కొంచెం సల్ఫ్యూరిక్ ఆమ్లంతో. దీన్నే ఫెర్రిక్ ఆలం అంటాం.
- సిరప్‌లా చిక్కగా ఉండే ఫాస్ఫారిక్ ఆమ్లం.
- 0.02 మోలార్ పొటాషియం పర్మాంగనేట్.
- పర్మాంగనేట్‌ను ప్రమాణీకరించడానికి, అంటే దాని గాఢత కచ్చితంగా తేల్చడానికి, సోడియం ఆక్సలేట్.
- పోల్చి చూసుకోవడానికి విశ్లేషణ స్థాయి అమ్మోనియం మాలిబ్డేట్ కొంచెం.
- ఒక లీటరు కోనికల్ ఫ్లాస్కు, రెండు రంధ్రాల రబ్బరు బిరడా, స్టాప్‌కాక్ కింద తగిలించి ఫ్లాస్కు అడుగు దాకా చేరే సన్న గాజు గొట్టం.
- డిస్టిల్డ్ వాటర్, కనీసం నాలుగు లీటర్లు.

నీళ్ల గురించి గట్టిగా చెప్పాలి. బ్యాటరీ వాటర్ డబ్బా తెచ్చి డిస్టిల్డ్ వాటర్ అని పోసేస్తుంటారు. కొన్ని డబ్బాలు బాగుంటాయి, కొన్ని బాగుండవు. టెస్ట్‌ట్యూబులో కొంచెం పోసి, ఒక చుక్క నైట్రిక్ ఆమ్లం, రెండు చుక్కల సిల్వర్ నైట్రేట్ వేయండి. తెల్లగా మసకబారితే క్లోరైడ్ ఉన్నట్టు. క్లోరైడ్ పర్మాంగనేట్‌ను తినేస్తుంది, మీ ఫలితం ఊరికే ఎక్కువ చూపిస్తుంది. ఈ పరీక్ష చేసిన ట్యూబును దూరంగా కడగండి, అందులోని నైట్రిక్ ఆమ్లం అసలు పనిలోకి రాకూడదు.

మొదటి భాగం: కాలమ్ తయారీ

1. జింకు గుళికలను పెద్ద బీకరులో పోసి, 2 శాతం మెర్క్యూరిక్ క్లోరైడ్ ద్రావణం మునిగేలా పోయండి. గాజు కడ్డీతో 5 నుంచి 10 నిమిషాలు మెల్లగా కలపండి. బూడిదరంగు జింకు మీదికి మెల్లగా వెండి మెరుపు ఎక్కడం కంటికి కనిపిస్తుంది. గుళికలన్నీ ఒకేలా మెరిసే దాకా ఆగండి. అక్కడక్కడా నల్లగా మిగిలితే అమాల్గం సరిగా పట్టలేదన్నమాట.

2. పై ద్రావణాన్ని వంచేయండి, సింకులోకి మాత్రం కాదు. "పాదరసం వ్యర్థం" అని రాసి పెట్టిన సీసాలోకి. డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు కడిగి, ఆ కడిగిన నీళ్లు కూడా అదే సీసాలో పోయండి.

3. గొట్టం అడుగున పింగాణీ బిళ్ల, దాని మీద ఒత్తుగా గాజు ఉన్ని పెట్టండి. ఇక్కడ పిసినారితనం చేయొద్దు. ఉన్ని పల్చగా ఉంటే జింకు నలుసులు కిందికి జారి ఫెర్రిక్ ఆలంలో పడతాయి. అక్కడ అవి సొంతంగా ఇనుమును క్షయకరణం చేస్తాయి, మాలిబ్డినం లేకపోయినా ఉన్నట్టు చూపిస్తాయి.

4. ముందు గొట్టంలో సగం దాకా నీళ్లు నింపి, ఆ నీళ్లలోకి జింకును కొంచెం కొంచెంగా జారవిడవండి. పొడి గొట్టంలో పోస్తే మధ్యలో గాలి బుడగలు ఇరుక్కుంటాయి. 300 గ్రాములకు జింకు ఎత్తు 27–30 సెం.మీ. దాకా వస్తుంది.

5. అర లీటరు నీళ్లతో కడగండి. పుస్తకాల్లో కొళాయికి తగిలించే సక్షన్ పంపుతో లాగమని ఉంటుంది. మన దగ్గర కొళాయిలో ఆ ఒత్తిడి ఉండే రోజులు తక్కువ. ఏమీ పర్వాలేదు, దాని బరువుకు దాన్ని కారనివ్వండి. ఈ పద్ధతికి అదే చాలు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన నియమం. జింకు పైన ఎప్పుడూ ద్రవం నిలిచి ఉండాలి. పని జరుగుతున్నా, మీరు టీ తాగడానికి పోయినా, రాత్రి తాళం వేసినా సరే. తడి అమాల్గానికి గాలి తగిలితే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది, అది పర్మాంగనేట్‌ను తీసుకుంటుంది. జింకు మీద తెల్లగా క్షార లవణాలు కూడా కడతాయి, పని మందగిస్తుంది.

నేను చదువుకునే రోజుల్లో నాకే జరిగింది. స్టాప్‌కాక్ గట్టిగా తిప్పాననుకుని భోజనానికి పోయాను. అది చుక్కచుక్కగా కారుతూనే ఉంది. తిరిగొచ్చేసరికి పైనుంచి నాలుగు వేళ్ల మేర జింకు ఎండి, మెరుపు పోయి సున్నం కొట్టినట్టు ఉంది. నీళ్లు పోసి ఏమీ కానట్టు పని కొనసాగించాను. ఆ రోజు మూడు టైట్రేషన్లు చేస్తే మూడూ మూడు రకాలుగా వచ్చాయి. తప్పు పర్మాంగనేట్‌లో ఉందనుకుని దాన్ని మళ్లీ తయారుచేశాను. రెండు రోజులు పోయాయి. అప్పటి నుంచి స్టాప్‌కాక్ మూసిన తర్వాత దాని కొన కింద ఒక వడపోత కాగితం ముక్క పెట్టి, ఐదు నిమిషాలు చూసి, అది పొడిగా ఉంటేనే బల్ల దగ్గర్నుంచి కదులుతాను. మీరూ అలాగే చేయండి.

రెండో భాగం: పర్మాంగనేట్

లీటరుకు 3.16 గ్రాముల పొటాషియం పర్మాంగనేట్ కరిగించి, కాసేపు మరిగించి, చల్లార్చి, గాజు ఉన్ని మీదుగా వడగట్టండి. కాగితంతో వడగడితే కాగితాన్నే అది తినేస్తుంది. ముదురు రంగు సీసాలో పెట్టండి.

ప్రమాణీకరణకు 1.675 గ్రాముల సోడియం ఆక్సలేట్‌ను 250 మి.లీ. స్టాండర్డ్ ఫ్లాస్కులో కరిగించండి. 25 మి.లీ. తీసుకుని సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, 80 డిగ్రీల దాకా వేడిచేసి టైట్రేషన్ చేయండి. పర్మాంగనేట్ సరిగ్గా 0.02 మోలార్ అయితే 25.0 మి.లీ. పడుతుంది. తేడా ఉంటే ఆ తేడాతో లెక్క సరిచేసుకోవాలి. నెల కిందటి పర్మాంగనేట్‌ను ప్రమాణీకరించకుండా వాడకండి.

మూడో భాగం: నమూనా

తూచే ముందు మూడు చిన్న పరీక్షలు చేయండి. వీటితోనే సగం సంగతి తేలిపోతుంది.

చిటికెడు పొడిని సోడియం హైడ్రాక్సైడ్‌తో వేడిచేయండి. అమ్మోనియా ఘాటు వెంటనే రావాలి. అస్సలు రాకపోతే అది సోడియం మాలిబ్డేట్ కావచ్చు. ఇంకో చిటికెడు మీద పల్చని ఆమ్లం చుక్క వేయండి. బుసబుసా పొంగితే సుద్దపొడో, ఇంకేదైనా కార్బనేటో కలిపారు. మూడోది, కొంచెం కరిగించి ఆమ్లం కలిపి అమ్మోనియం థయోసయనేట్ వేయండి. రక్తంలా ఎర్రబడితే ఇనుము ఉంది. ఇనుము ఉంటే ఈ పద్ధతి దాన్ని కూడా మాలిబ్డినంగానే లెక్కేస్తుంది, కాబట్టి ముందు వేరుచేయాలి. ఇనుము, జింకు, రాగి అన్నీ కలిపిన సూక్ష్మపోషకాల మిశ్రమం ప్యాకెట్లకు ఇది పనికిరాదని చెప్పేది అందుకే.

1. ప్యాకెట్ మొత్తాన్ని కాగితం మీద పోసి బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసుకుంటూ తగ్గించండి. పైపైన చెంచాతో తీసి తూచితే అది ప్యాకెట్ నమూనా కాదు.

2. సుమారు 2 గ్రాములు కచ్చితంగా తూచి, గోరువెచ్చని నీళ్లలో కరిగించండి. మసకగా ఉంటే రెండు మూడు చుక్కల పల్చని అమ్మోనియా వేస్తే తేటబడుతుంది. అయినా అడుగున మిగిలిందంటే కరగని సరుకు. వడగట్టి, దాన్ని విడిగా తూచుకోండి.

3. 250 మి.లీ. స్టాండర్డ్ ఫ్లాస్కులో గుర్తు దాకా నింపండి. ఇందులో 25 మి.లీ.కి 0.2 గ్రాముల నమూనా వస్తుంది.

4. 25 మి.లీ. పిపెట్‌తో బీకరులోకి తీసి, 70 మి.లీ. నీళ్లు పోసి, కలుపుతూ 5 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం మెల్లగా కలపండి. చల్లారనివ్వండి.

నైట్రిక్ ఆమ్లం గానీ, నైట్రేట్లు గానీ ఒక్క చుక్క ఉన్నా జింకు వాటిని హైడ్రాక్సిలమీన్ దాకా దించుతుంది, అది కూడా పర్మాంగనేట్‌ను తీసుకుంటుంది. నమూనాలో నైట్రేట్ గానీ సేంద్రియ పదార్థం గానీ ఉందని అనుమానమైతే, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో తెల్లటి పొగలు వచ్చే దాకా హుడ్ కింద కాచి, చల్లార్చి, గోడలు కడిగి మళ్లీ కాచండి. రెండు మూడుసార్లు.

నాలుగో భాగం: అసలు పని

1. కాలమ్ కింద ఖాళీ బీకరు పెట్టి, 50 మి.లీ. 5 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం పంపండి, తర్వాత 50 మి.లీ. నీళ్లు. జింకు మేల్కోవడానికి ఇది. వచ్చినదాన్ని వ్యర్థంలో పోయండి. ద్రవం జింకుకు ఒక వేలు పైన ఉండగానే ఆపండి.

2. లీటరు ఫ్లాస్కులో 50 మి.లీ. ఫెర్రిక్ ఆలం, 5 మి.లీ. ఫాస్ఫారిక్ ఆమ్లం పోసి కాలమ్‌కు తగిలించండి. గాజు గొట్టం కొన ద్రావణంలో మునిగి ఉండాలి. ఒక మిల్లీమీటరు పైన ఉన్నా ఒప్పుకోవద్దు. బిరడా రెండో రంధ్రం గాలి పోవడానికి.

ఫాస్ఫారిక్ ఆమ్లం ఎందుకంటే, ఫెర్రిక్ పసుపు రంగును అది పోగొడుతుంది. అది లేకపోతే చివరి గులాబీ ఛాయ ఆ పసుపులో కలిసి కనపడదు.

3. నమూనా ద్రావణాన్ని పోసి, స్టాప్‌కాక్ మెల్లగా తిప్పండి. ఇనుముకైతే పుస్తకాలు నిమిషానికి 75–100 మి.లీ. వేగం చెబుతాయి. మాలిబ్డినానికి నేను 50 దాటనివ్వను.

ఇక్కడ కళ్లు కాలమ్ మీదే ఉండాలి. రంగులేని ద్రావణం జింకును తాకిన చోట ముందు నీలం కనిపిస్తుంది. దాని కింద గోధుమ ఛాయ. ఇంకా కిందికి దిగేకొద్దీ వెండిలా మెరిసే గుళికల మధ్య ఆకుపచ్చ పట్టీ ఒకటి మెల్లగా జారుతూ వస్తుంది. ఆ పచ్చదనమే +3 మాలిబ్డినం. ఆ పచ్చటి ద్రావణం ఫెర్రిక్ ఆలంలోకి దిగగానే ఎర్రబారుతుంది, మొదటిసారి చూసేవాళ్లు టెన్షన్ పడతారు. అది మామూలే. నాకు ముప్పై ఏళ్లుగా చూస్తున్నా ఆ పచ్చ పట్టీ దిగుతుంటే పక్కన ఎవరైనా మాట్లాడినా వినపడదు.

నీలం పట్టీ కాలమ్ అడుగు దాకా వచ్చిందంటే మీరు వేగంగా పంపుతున్నారు, లేదా జింకు అలిసిపోయింది. ఆపేయండి. ఆ ఫలితం లెక్కలోకి తీసుకోకండి.

4. నమూనా జింకు పైదాకా దిగుతుండగానే, ఎండనివ్వకుండా 100 మి.లీ. 2.5 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం రెండు మూడు విడతలుగా పోయండి. మొదటి విడతతో నమూనా బీకరును కూడా కడిగి పోయాలి.

5. తర్వాత 100 మి.లీ. నీళ్లు. చివర్లో జింకు మీద నీళ్లు నిలబెట్టి స్టాప్‌కాక్ మూసేయండి. గొట్టం కొనను పైకి తీస్తూ లోపలా బయటా ఫ్లాస్కులోకే కడగండి.

6. వెంటనే పర్మాంగనేట్‌తో టైట్రేషన్. ఫోన్ వచ్చినా తీయొద్దు. లేత గులాబీ రంగు 30 సెకన్లు నిలవాలి.

7. నమూనా ఒక్కటి తప్ప మిగతావన్నీ అదే కొలతలో, అదే వేగంతో పంపి ఖాళీ టైట్రేషన్ చేయండి. దీన్నే బ్లాంక్ అంటాం. 0.1 మి.లీ. లోపు రావాలి. అంతకంటే ఎక్కువైతే నీళ్లు, ఆమ్లం, జింకు, ఆలం వీటిలో ఏదో బాగాలేదు. బ్లాంక్ తగ్గే దాకా నమూనా జోలికి పోవద్దు.

లెక్క

0.02 మోలార్ పర్మాంగనేట్ 1 మి.లీ.కి 3.198 మి.గ్రా. మాలిబ్డినం. 0.2 గ్రాముల నమూనా మీద చేస్తున్నాం కాబట్టి ప్రతి మిల్లీలీటరు సుమారు 1.6 శాతానికి సమానం.

ఉదాహరణకు టైట్రేషన్‌లో 33.35 మి.లీ. పట్టింది, బ్లాంక్ 0.05. నికరం 33.30. దాన్ని 3.198తో గుణిస్తే 106.5 మి.గ్రా. 200 మి.గ్రా. నమూనాలో అది 53.2 శాతం. ఈ ప్యాకెట్ 52 దాటింది.

బల్ల మీద రాసి పెట్టుకోవడానికి: శుద్ధమైన లవణం 34.0 మి.లీ. తీసుకుంటుంది. 52 శాతం గీత 32.5 మి.లీ. దగ్గర ఉంది. నికరం అంతకు తగ్గితే సరుకు మీద అనుమానం.

అంకె వింతగా వస్తే వెంటనే తప్పు చేశామనుకోకండి. 24.8 మి.లీ. దగ్గర, అంటే 39.7 శాతం వస్తే అది రెండు నీటి అణువుల సోడియం మాలిబ్డేట్ అయ్యే అవకాశం ఎక్కువ. మొదట్లో అమ్మోనియా వాసన పరీక్ష చేయమన్నది ఇందుకే. 56.4 వస్తే అమ్మోనియం డైమాలిబ్డేట్ కావచ్చు. 54.4 కంటే కొంచెం ఎక్కువ వస్తే, ఎండకు ప్యాకెట్‌లోని లవణం నీటిని వదిలేసి ఉండొచ్చు. మా ఎండలకు అది జరిగే పనే.

మీ కాలమ్ నిజం చెబుతోందా?

ప్యాకెట్ పరీక్షించే రోజే, అదే కాలమ్ మీద విశ్లేషణ స్థాయి అమ్మోనియం మాలిబ్డేట్ కూడా నడపండి. 0.2 గ్రాములకు 34.0 మి.లీ.కి 0.1 అటూ ఇటూ రావాలి. ఆ లవణం పాతదై నీరు పోయిందని సందేహం ఉంటే మాలిబ్డినం ట్రైఆక్సైడ్ వాడండి. దాన్ని 0.15 గ్రాములు తూచి పల్చని సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి, ఆమ్లం కలిపి పంపితే 31.3 మి.లీ. పట్టాలి. ప్రమాణం సరిగా రాకుండా నమూనా ఫలితం ఎవరికీ చెప్పకండి. ఒకరి వ్యాపారం మీద, ఒకరి పంట మీద ఆధారపడే మాట అది.

ఒక్కో నమూనాకు కనీసం మూడు టైట్రేషన్లు, వాటి మధ్య తేడా 0.1 మి.లీ. లోపు.

నాకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదులు, వాటి కారణాలు:

*తక్కువ వస్తోంది.* పదింట్లో ఎనిమిది సార్లు గొట్టం కొన ఆలంలో మునగలేదు. తర్వాతిది వేగం. ఆ తర్వాత జింకు ఎండిపోవడం, క్షార లవణాలు కట్టడం. క్షార లవణాలైతే 5 శాతం ఆమ్లంతో రెండు మూడుసార్లు కడిగితే మెరుపు తిరిగి వస్తుంది. రాకపోతే జింకును బయటికి తీసి మళ్లీ అమాల్గం చేయాలి.

*ఎక్కువ వస్తోంది.* జింకు నలుసులు, ఇనుము, క్లోరైడ్, సేంద్రియ మలినం, ఎండిన కాలమ్‌లో పుట్టిన పెరాక్సైడ్. ఫ్లాస్కును వెలుతురులో పెట్టి అడుగున బూడిదరంగు నలుసు ఉందేమో చూడండి.

*గులాబీ రంగు వస్తోంది, పోతోంది, మళ్లీ వస్తోంది.* ముందు నైట్రేట్‌ను అనుమానించండి.

*ఫ్లాస్కులో ద్రావణం నీలంగా ఉంది.* ఫెర్రిక్ ఆలం సరిపోలేదు. కొలత చూసి మళ్లీ మొదలుపెట్టండి.

ఇంకొకటి, ఇది కడప వైపు నుంచి వచ్చిన విద్యార్థుల్లో చూశాను. తుమ్మలపల్లెలో యురేనియం గని ఉండటంతో వాళ్లు యురేనియం విశ్లేషణ కూడా చదువుతారు. అదే జోన్స్ కాలమ్, అదే జింకు అమాల్గం. కానీ యురేనియం కొంత +3 దాకా, కొంత +4 దాకా దిగుతుంది. అందుకని కిందికి వచ్చిన ద్రావణంలోకి కొన్ని నిమిషాలు గాలి ఊదుతారు, +3 అంతా +4 అయి అక్కడ నిలుస్తుంది. అది చదివి ఒకబ్బాయి మాలిబ్డినానికి కూడా గాలి ఊదాడు, ఫెర్రిక్ ఆలం లేకుండా. పచ్చటి ద్రావణం కళ్ల ముందే గోధుమరంగుకు తిరిగింది, సగం మాలిబ్డినం లెక్కలోంచి పోయింది. రెండు పద్ధతులు ఒకే కాలమ్ మీద జరిగినా, మాలిబ్డినానికి గాలి శత్రువు.

వేరే దారులు

పాదరసం వద్దనుకుంటే సిల్వర్ రిడక్టర్ ఉంది. వెండి పొడి కాలమ్, 2 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 60–80 డిగ్రీల వేడి. మాలిబ్డినం +5 దగ్గరే ఆగుతుంది, అంటే ఒక్క ఎలక్ట్రానే. సీరిక్ సల్ఫేట్‌తో, ఫెర్రోయిన్ సూచికతో టైట్రేషన్ చేయాలి. 0.1 నార్మల్ ద్రావణం 1 మి.లీ.కి 9.595 మి.గ్రా. ఒక్క ఎలక్ట్రానే కాబట్టి బ్యూరెట్ చదవడంలో తప్పు మూడింతలై ఫలితంలోకి వస్తుంది. వెండి ఖరీదు, కానీ కాలమ్‌ను మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు.

ఇంకా తేలికైనది లెడ్ మాలిబ్డేట్ అవక్షేపం. అసిటేట్ బఫర్‌లో సీసం లవణంతో అవక్షేపించి, కడిగి, కాల్చి తూచండి. ఆ బరువులో 26.13 శాతం మాలిబ్డినం. నిదానమైన పని, సీసం కూడా విషమే, కానీ మంచి త్రాసు ఉన్న చిన్న కాలేజీకి నేను ఇదే సిఫారసు చేస్తాను.

సోడియం అమాల్గం వాడొచ్చా అని కూడా అడుగుతుంటారు. ఈ పనికి వద్దు. అది నీళ్లతోనే చర్య జరిపి హైడ్రోజన్, క్షారం వదులుతుంది, పైగా కాలమ్‌గా నిలబడదు. ద్రవ జింకు అమాల్గాన్ని వేరుచేసే గరాటులో పోసి నమూనాతో కుదిపే పద్ధతీ ఉంది, వేగంగా అయిపోతుంది. అయితే అందులో పాదరసం చాలా ఎక్కువ పడుతుంది. గరాటు జారి పగిలితే గదంతా పాదరసమే.

పని అయిపోయాక

కాలమ్‌ను నీళ్లతో కడిగి, పైదాకా నీళ్లు నింపి, పైన చిన్న బీకరు బోర్లించండి. గొట్టానికి ఒక చీటీ కట్టండి: ఎప్పుడు నింపారు, ఎన్ని నమూనాలు నడిచాయి, ఆఖరి బ్లాంక్ ఎంత.

వ్యర్థం సీసాలో ఆమ్లం ఉంటే ముందు సోడియం హైడ్రాక్సైడ్‌తో క్షారంగా మార్చి, ఆ తర్వాతే సోడియం సల్ఫైడ్ కలపండి. ఆమ్లం ఉండగా కలిపితే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వస్తుంది, అది ప్రాణాంతకం. పాదరసం నల్లటి సల్ఫైడ్‌గా అడుగుకు దిగుతుంది. దాన్నీ, పనికిరాకుండా పోయిన జింకునూ మూత బిగించిన డబ్బాల్లో పెట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకోవడానికి అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వాలి.

ప్యాకెట్ 52 కంటే తక్కువ వస్తే, మీ అంకె పట్టుకుని అంగడి మీదికి పోకండి. చట్టం ముందు చెల్లేది వ్యవసాయ అధికారి పద్ధతి ప్రకారం తీసి, ముద్ర వేసి, ప్రభుత్వ ఎరువుల పరీక్షా కేంద్రానికి పంపిన నమూనా ఫలితమే. మీ మండల వ్యవసాయ అధికారికి రాసి ఇవ్వండి. దానితో పాటు బిల్లు, ప్యాకెట్ మీది బ్యాచ్ నంబరు, మీ మూడు టైట్రేషన్ల అంకెలు, బ్లాంక్, అదే రోజు నడిపిన ప్రమాణం ఫలితం జతచేయండి. మిగిలిన పొడిని తడి తగలకుండా మూత బిగించి దాచిపెట్టండి, మళ్లీ చూడాల్సి రావచ్చు.